అడుగు మచ్చు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువుకి ఒక వాసన ఉంది. లవంగం వాసన. పెళ్ళి భోజనాల్లో బిర్యానీ వడ్డించినప్పుడు లవంగం పంటి కింద పడితే నాకు ముద్ద దిగదు. లవంగం కలిసిన పళ్ళ పేస్టు మా ఇంటికి తేవడం మానేయించాను. ఎందుకని మా ఆవిడ అడిగితే చిగుళ్ళు మండుతున్నాయన్నాను. అది అబద్ధం. నేను మీకు చెప్పబోయే అబద్ధాల్లో అది చాలా చిన్నది.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు. మీది మా ఊరే కావచ్చు, మా నాన్న మీకు తెలిసే ఉండవచ్చు, ఇది చదివి రేపు నలుగురిలో చెప్పుకోవచ్చు. చూశారా? ఒప్పుకుందామని కూర్చుని ముందు మిమ్మల్నే అనుమానిస్తున్నాను. నా పుట్టుకే అంత. కాదు, పుట్టుక మీదికి నెట్టడం కూడా తప్పించుకోవడమే. నేర్చుకున్నాను. ఇష్టపడి నేర్చుకున్నాను.

మా నాన్న మిరపకాయల వ్యాపారి. కాపురం చిలకలూరిపేటలో, కొనుగోళ్ళు గుంటూరు యార్డులో. మిర్చి మూట పైన ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఎర్రగా నిగనిగలాడుతూ. పైన చూసి కొన్నవాడు పైకి రాడు అనేవాడు నాన్న. చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా మూటలోకి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయ లాగేవాడు. రైతు తనంతట తాను చూపించేది పై మచ్చు. మనం చెయ్యి పెట్టి తీసుకునేది అడుగు మచ్చు. అడుగు మచ్చులో తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, కనిపించిందా, ఇక బేరం మన చేతిలో ఉన్నట్టే. నాన్న నాకు ఇంకో మాట కూడా చెప్పాడు. "ఏ మూట దగ్గర రైతు, అది వద్దులెండి బాబూ, అన్నీ ఒకటేగా అంటాడో, ఆ మూటలోనే చెయ్యి పెట్టరా."

ఈ ఒక్క మాట పట్టుకుని నేను ఒక మనిషిని ఊరు దాటించాను.

రెండువేల నాలుగు వేసవి. డిగ్రీ అయిందనిపించుకుని నాన్న వెంట యార్డుకి తిరుగుతున్నాను. ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. నేను ఇంటర్లో ఉండగా కొన్నది. అమ్మ దాని మానిటర్‌కి లేసు అల్లిన గుడ్డ ఒకటి కుట్టి కప్పింది. వెనక గదిలో ఎప్పుడూ కొన్ని మూటలుండేవి కాబట్టి, ఆ గదిలో కూర్చుని కంప్యూటర్ నొక్కేవాళ్ళందరూ తుమ్ముతూ నొక్కేవాళ్ళు. ఆ ఏడాది ఒక కొత్త క్రికెట్ ఆట సీడీ వచ్చింది. పెట్టి చూస్తే తెరుచుకోలేదు. గ్రాఫిక్స్ కార్డు కావాలంది. స్నేహితులందరి ఇళ్ళలో ఆడుతున్నారు, మా ఇంట్లో ఆడదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడది నాకు పరువు సమస్య.

తక్కువలో వచ్చే కార్డు కోసం గుంటూరు కొట్లన్నీ తిరిగాను. ఒకడు మెమరీ ఎంతుందో చూసుకో చాలన్నాడు. ఇంకొకడు మెమరీదేముంది, చిప్పు ముఖ్యం అన్నాడు. మూడోవాడు నా కంప్యూటర్ వివరాలు విని, దీనికి కార్డు ఎందుకు, కొత్త సిస్టమ్ తీసుకో అన్నాడు. ముగ్గురూ నన్ను ముంచేవాళ్ళలాగే కనిపించారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. నాకు లోకమంతా తాలుగా కనపడేది.

చివరికి రత్నబాబు దగ్గరికి వెళ్ళాను. అది అసలు పేరు కాదు, నేను పెట్టిన పేరు. అసలు పేరు రాస్తే ఇదంతా చదివినవాళ్ళు అతన్ని తప్పు లేనివాడని తెలుసుకుంటారు. మార్చి రాస్తే నా మనసు మాత్రం తేలికవుతుంది. మార్చే రాస్తున్నాను. ఈ సంగతి కూడా మీరు గమనించాలి.

రత్నబాబు నాకు ఇంటర్లో స్నేహితుడు. చర్చి వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. వాళ్ళమ్మ మిషన్ బడిలో టీచరమ్మ. ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని కంప్యూటర్లు బాగుచేసేవాడు. చేతిలో పని ఉన్నంతసేపూ పాట, పని లేనప్పుడు వెటకారం. కంప్యూటర్లని "వీడు" అనేవాడు. వీడికి జలుబు చేసింది, వీడికి గుండె నీరసం, అని. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "రారా అనుమానం" అనేవాడు. స్క్రూ ఒకటి కింద పడితే అది నాదేనా అని అడిగే రకం నేను. "నువ్వు పెళ్ళిచూపులకెళితే పిల్ల పళ్ళు లెక్కపెట్టుకుని వచ్చేట్టున్నావురా" అనేవాడు. నవ్వేవాణ్ణి. ఆ నవ్వు నిజమే. అతనంటే నాకు ఇష్టం. ఆ ఇష్టం కూడా నిజమే. ఇష్టం ఉన్నచోట అనుమానం ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

నా కంప్యూటర్ విప్పి చూసి విషయం తేల్చి చెప్పాడు. మదర్‌బోర్డు పాతది, కొత్త కార్డులు కొన్ని దీని స్లాట్‌లో అసలు కూర్చోవు, కూర్చున్నా లోపలి పవర్ సప్లై వాటిని మోయలేదు. కాబట్టి దీని ఈడుకి తగ్గది, ఒకరు వాడింది అయినా సరే, మంచి చిప్పున్నది చూడాలన్నాడు. ఒక ఫోటో స్టూడియోవాళ్ళు కంప్యూటర్ మారుస్తున్నారు, వాళ్ళ కార్డు నీకు సరిగ్గా సరిపోతుంది అన్నాడు. పాడైతే పూచీ నాది అన్నాడు. ఇంతవరకూ బాగుంది. ఆ తర్వాత, కార్డు బిగించి ఇచ్చేటప్పుడు, దాని మీద ఉన్న చిన్న ఫ్యానునీ అల్యూమినియం దిమ్మనీ చూపించి ఒక మాట అన్నాడు.

"దీన్ని మాత్రం విప్పొద్దురా."

ఏ మూట దగ్గర రైతు వద్దులెండి అంటాడో. మీకు అర్థమైపోయింది కదా. ఆ క్షణంలోనే నా చెయ్యి చొక్కా మడతపెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. లేకపోతే నేనేదో కుర్రతనంలో ఒక వస్తువు పాడుచేసి బొంకానని సరిపెట్టుకుంటారు. మెయిన్ రోడ్డు మీద మాకో చిన్న కాంప్లెక్సు ఉంది. మూడు కొట్లు. మూడోది అప్పుడు ఖాళీ. ఇంటి ముందు గదిలో ఎంతకాలం చేస్తావు, మా కొట్లోకి వచ్చెయ్ అని రత్నబాబుతో అన్నది నేనే. నాన్నకి నచ్చజెప్పిందీ నేనే. నాన్న మొదట ఇష్టపడలేదు. ఎందుకో పైకి అనలేదు, నేనూ అడగలేదు, ఇద్దరికీ తెలుసు. చివరికి సరే అన్నాడు. వచ్చే నెల నుంచి తీసుకో బాబూ అని రత్నబాబుతో స్వయంగా చెప్పాడు. మర్నాడే అతను చెవి మీద పెన్సిలు పెట్టుకుని కొట్టు కొలవడానికి వెళ్ళాడు. గోడల మీద ఏవేవో గీసుకుని వచ్చాడు. వాళ్ళమ్మ చర్చిలో చెప్పుకుందట, మా వాడికి మెయిన్ రోడ్డు మీద కొట్టు వచ్చిందని. రోడ్డు మీద బోర్డు పడితే బళ్ళవాళ్ళూ, కాలేజీవాళ్ళూ, మిల్లుల ఆఫీసులవాళ్ళూ వస్తారు. సందులోని ముందు గదికి ఎవరొస్తారు? అతని బతుకంతా ఆ మూడో కొట్టు మీదే ఉంది. అది నాకు తెలుసు. బాగా తెలుసు.

కార్డు బాగానే పనిచేసింది. ఆట తెరుచుకుంది. కంప్యూటర్ వేయగానే నల్లటి తెర మీద కార్డు పేరు పడేది. రత్నబాబు చెప్పిన పేరే. చాలదా? నాకు చాలలేదు. తెర మీద పేరు పై మచ్చు కాదూ? అప్పట్లో ఒక కంప్యూటర్ పత్రిక కొనేవాణ్ణి. అందులో ఒకచోట చదివాను, తక్కువ రకం చిప్పుకి ఎక్కువ రకం పేరు అంటించి అమ్మేవాళ్ళున్నారని. అసలు పేరు చిప్పు మీదే చెక్కి ఉంటుందని. ఆ చిప్పు దేని కింద ఉంటుంది? ఆ అల్యూమినియం దిమ్మ కింద. అతను విప్పొద్దన్న దిమ్మ కింద.

ఆట ఆడుతున్నానన్నమాటే గానీ బంతి మీద చూపు లేదు. ఆట కొంచెం ఆగితే చాలు, అదిగో, చిప్పు తక్కువ రకం అనుకునేవాణ్ణి. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి అన్నం పెట్టి పెంచాను.

ఒక మధ్యాహ్నం నాన్న యార్డులో, అమ్మ నిద్రలో ఉండగా కార్డు ఊడదీశాను. దిమ్మని రెండు ప్లాస్టిక్ మేకులు పట్టి ఉంచాయి. వాటిని వెనకనుంచి పట్టకారుతో నొక్కి తోశాను. ఒక మేకు బాగానే వచ్చింది. రెండోది పుటుక్కున విరిగింది. దిమ్మ చేతికి వచ్చింది. చిప్పు మీద ఎండిపోయిన తెల్లటి మడ్డి ఏదో ఉంది. పేరు కనపడకుండా పూసి ఉంటాడనుకున్నాను! వేడి లాగడానికి అక్కడ అది ఉండాలని నాకు తెలియదు. దూదితో రుద్ది రుద్ది తుడిచాను. పేరు కనిపించింది.

అది రత్నబాబు చెప్పిన పేరే. ఒక్క అక్షరం తేడా లేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది చూసి నాకు సంతోషం కలగలేదు. నిరాశ కలిగింది. మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తే మంచి కాయే వచ్చింది, నా తెలివి వృథా అయింది. ఏం మనిషిని నేను? స్నేహితుడు దొంగ కానందుకు బాధపడ్డ మనిషిని. కార్డు సంగతీ కొట్టు సంగతీ అన్నీ తర్వాత. అసలు తప్పు అక్కడ జరిగిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత భయం పట్టుకుంది. తుడిచేసిన తెల్లటి మడ్డి బదులు ఏం పూయాలి? తెల్లగా ఉన్నది ఇంట్లో ఇంకేముంది? స్నానాల గదిలో పళ్ళ పేస్టు ఉంది. లవంగం నూనె కలిసిన రకం. అదే పూశాను. నవ్వకండి. విరిగిన మేకు చోట, మూటలు కుట్టే పురికొసలోంచి ఒక పోగు లాగి, దిమ్మని బోర్డుకి కట్టాను. మిర్చి వ్యాపారి కొడుకు చేసిన రిపేరు అది. కంప్యూటర్ వేస్తే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

రెండు మూడు రోజులు ఆడింది. ఆ తర్వాత తెర మీద ఎర్రటి చుక్కలు మొదలయ్యాయి. కల్లంలో కాయలు ఆరబోసినట్టు తెరంతా పరుచుకున్నాయి. గదిలో ఘాటుగా లవంగం వాసన. ఆ తర్వాత తెర నల్లబడింది. మళ్ళీ వెలగలేదు.

సాయంత్రం నాన్న వచ్చి, తెర ఎందుకు నల్లగా ఉందిరా అన్నాడు. ఆ వారమే నన్ను మొదటిసారి ఒంటరిగా యార్డుకి పంపుతానన్నాడు, కొనుగోలుకి. నేనే విప్పి తగలబెట్టానంటే ఏమంటాడు? ఒక అట్టముక్కంత వస్తువు కొనడం రాదు, ఉంచుకోవడం రాదు, నీ చేతికి లారీ సరుకు ఎట్లా ఇవ్వనురా అంటాడు. అనేవాడా? ఏమో. అంటాడని నేననుకున్నాను. "కార్డు పోయింది. మంచిది కానట్టుంది" అన్నాను. మంచిది కానట్టుంది. ఎవరినీ ఏమీ అనలేదు చూడండి. మెల్లిగా వదిలాను, అంతే.

నాన్న రత్నబాబుకి కబురు పెట్టాడు. నన్ను కార్డు తీసి సిద్ధంగా ఉంచమన్నాడు. ఉంచాను. ఉంచేముందు పురికొస పోగు తెంపేసి జేబులో వేసుకున్నాను. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. నోరు జారలేదు నేను. ముందే సర్దుకుని కూర్చున్నాను.

అతను వరండాలోకి వచ్చాడు. నాన్న పడకకుర్చీలో ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర. కార్డు చేతికి తీసుకుని ఊగుతున్న దిమ్మని వేలితో కదిపాడు. విరిగిన మేకు చూశాడు. నాకేసి చూశాడు. వెటకారం లేదు, పాట లేదు.

"విప్పావా?"

"లేదు."

"దిమ్మ ఊడొస్తోందిరా."

"నువ్విచ్చినప్పుడే ఊగుతోంది."

అతను కార్డుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా యార్డులో కాయని వాసన చూసినట్టే చూశాడు. కొంచెంసేపు అలాగే ఉంచాడు. తర్వాత దాన్ని దించి, ఈసారి చాలా మెల్లిగా, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"విప్పావా?"

'రా' లేదు. 'అనుమానం' లేదు. ఒక మాట అంతే. అది ప్రశ్న కాదు. తలుపు. అతను తెరిచి పట్టుకున్నాడు, నేను లోపలికి అడుగు వేస్తే చాలు. నాన్న దగ్గర నా పరువు పోకుండా ఏదో ఒకటి చెప్పి కాసేవాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడూ తెలుసేమో.

"ముట్టుకోలేదన్నానుగా!" అని గట్టిగా అన్నాను. నాన్నకి వినపడాలని.

నాన్న కుర్చీలోంచి లేవలేదు. "ఏమిరా, కొట్టిస్తున్నవాళ్ళం మాకే తాలు సరుకు అంటగడతావా? రేపు మా కొట్లో కూర్చుని ఊరికంతా ఏమంటగడతావు?" అన్నాడు. అంతకు ముందు రోజు దాకా 'బాబూ' అన్న నోరు అది. "నేను మొదటే అన్నాను, ఆ వీధి వాళ్ళకి మెయిన్ రోడ్డు మీద కొట్టెందుకని. కొట్టు సంగతి మర్చిపో, వెళ్ళు."

నాన్న ఆ మాట మొదట అనలేదు. ఎప్పుడూ పైకి అనలేదు. లోపల ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది. దానికి దారి వేసింది నేను.

రత్నబాబు వాదించలేదు. "పూచీ నాదన్నాను అంకుల్, వేరేది తెచ్చిస్తాను" అన్నాడు. కార్డుని న్యూస్ పేపర్లో చుట్టుకుని మెట్లు దిగాడు. నేను విప్పానని రుజువు అతని చేతిలోనే ఉంది. దిమ్మ ఎత్తి నాన్నకి వాసన చూపిస్తే అయిపోయేది. ఎందుకు చూపించలేదు? నా కోసమా? లేక చూపించినా ఎవరూ నమ్మరని తెలిసా? ఏళ్ళ తరబడి మొదటిదే అనుకుంటూ వచ్చాను, అది నాకు హాయిగా ఉంటుంది కాబట్టి. ఇప్పుడు రెండోదేనని అనుకుంటున్నాను. మా వాళ్ళ కుర్రాడు ఎవడైనా విప్పొద్దురా అని ఉంటే నేను విప్పేవాడినా? అంత తొందరగా విప్పేవాణ్ణి కాదు. ఇది రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

కొన్నాళ్ళకి ఒక కుర్రాడితో కార్డు పంపాడు. పెట్టె కూడా విప్పని కొత్తది. మొదటిదాని కంటే మంచిది. అదెక్కడ తెచ్చాడో, దానికోసం ఏం అమ్ముకున్నాడో నాకు తెలియదు. నేను బిగించుకుని ఆడుకున్నాను. అంతేనా? ఊళ్ళో ఎవరైనా అడిగితే, "తప్పు లేకపోతే కొత్తది ఎందుకిస్తాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అనేవాణ్ణి. మాట నిలబెట్టుకున్నవాడి మాటనే అతని మెడకి చుట్టాను. మా ఊళ్ళో ఒక మాట మిర్చి ఘాటు కంటే తొందరగా పాకుతుంది. ఇచ్చిన కంప్యూటర్లలో మంచి పార్టులు తీసి పాతవి పెడతాడట అని, నేను అనని మాటలు కూడా నా చెవినే పడ్డాయి. ముందు గదికి వచ్చే నలుగురూ రావడం మానేశారు. వాళ్ళమ్మ మా అమ్మకి బజార్లో ఎదురైతే తల పక్కకి తిప్పుకుందని మా అమ్మ నొచ్చుకుంది. నిజానికి దేనికి నొచ్చుకోవాలో మా అమ్మకి తెలియదు. మరుసటి ఏడు రత్నబాబు ఊళ్ళో లేడు.

మూడో కొట్టు సెల్‌ఫోన్లవాళ్ళకి ఇచ్చాం. నేను ఒంటరిగా యార్డుకి వెళ్ళాను. మంచి వ్యాపారినని పేరొచ్చింది. ఎక్కడ చెయ్యి పెట్టాలో వీడికి తెలుసు అంటారు.

ఒకసారి పిడుగురాళ్ళ వెళ్ళాను, కొత్త గోడౌనుకి సున్నం తేవడానికి. కాటా దగ్గర లారీ ఎక్కించి, చీటీ కోసం అద్దాల గదిలోకి తల పెట్టాను. కంప్యూటర్ ముందు అతను. కనుబొమ్మల మీద సున్నపు దుమ్ము. నేను గుర్తుపట్టినంత వేగంగానే అతనూ గుర్తుపట్టాడు.

"బాగున్నారా అండి?" అన్నాడు.

అండి. పది తిట్లు తిట్టి ఉంటే మోసుకుపోయేవాణ్ణి. 'ఒరేయ్ దొంగా' అని ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణేమో. మా యార్డులో పరాయివాళ్ళకి పెట్టే 'అండి' నాకు పెట్టాడు. చెప్పాలనే అనుకున్నాను. నోట్లో మాట తిరుగుతోంది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. చీటీ తీసుకుని వచ్చేశాను. హారన్ కొట్టకపోయినా వచ్చేసేవాణ్ణి.

ఇంకొక అనుమానం కూడా ఉంది, అదీ చెబుతాను. మా నాన్న ముక్కు మామూలు ముక్కు కాదు. గుప్పెడు కాయ పీల్చి అది ఏ నేలలో పండిందో చెప్పేవాడు. ఆ రోజు వరండాలో తన పక్కనే ఉన్న ఆ కార్డు వాసన ఆ ముక్కుకి తగల్లేదా? తెలిసే, కొట్టు ఇవ్వకుండా ఉండడానికి ఒక వంక దొరికిందని ఊరుకున్నాడా? నాన్న పోయాడు. అడగలేను. పోయినవాడి మీద సగం బరువు పెట్టేసి నేను తేలికవుదామని చూస్తున్నానేమో. ఆ అనుమానం కూడా రాసేస్తున్నాను. నా మూటలో నేనే చెయ్యి పెట్టుకున్నాక ఏది వచ్చినా చూపించాలి కదా.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు అంటారా? పోయిన నెల సెల్‌ఫోన్లవాళ్ళు కొట్టు ఖాళీ చేశారు. గోడలకి వాళ్ళు కొట్టించుకున్న చెక్కలు ఊడదీయించాను. వెనక పాత గోడ బయటపడింది. గోడ నిండా పెన్సిలు గీతలు. 'ప్లగ్గు ఇక్కడ.' 'రిపేరు బల్ల.' 'అమ్మ ఫోటో.' ఆ రాత నాకు తెలుసు. ఇంటర్లో ఆ రాత చూసే రికార్డులు నింపాను. గుమ్మం పక్కన, కొంచెం కిందగా, ఒక చిన్న చదరం గీసి ఉంది. వంగి చదివాను.

'అనుమానం గారి కుర్చీ.'

ఆ చదరం దగ్గర నిలబడి చూస్తే రిపేరు బల్ల తిన్నగా కనపడుతుంది. పార్టులు విప్పినా బిగించినా అక్కడ కూర్చున్నవాడికి అన్నీ కనపడతాయి. నేను నమ్మనని అతనికి తెలుసు. నమ్మమని అడగలేదు. నమ్మనివాడు కూర్చోవడానికి తన కొట్టులో చోటు చూసి పెట్టాడు, అంతే. నేను ఆ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఏడ్చాను. పనివాళ్ళు చూశారు.

సున్నం వేసే మనిషి, "ఎవరు రాశారండి ఇదంతా?" అని అడిగాడు.

"ఎవరో పాతవాళ్ళు" అన్నాను.

మళ్ళీ! అంత ఏడ్చీ మళ్ళీ బొంకాను. "వేసెయ్యమంటారా?" అన్నాడు. వెయ్యమన్నాను. మొదటి పూతకి పెన్సిలు కనపడుతూనే ఉంది. రెండో పూత కూడా వేయించాను. ఇప్పుడు ఆ గోడ తెల్లగా ఉంది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిడుగురాళ్ళ ఇక్కడికి దూరమేమీ కాదు. వెళ్ళొచ్చు. వెళతానో లేదో చెప్పలేను, చెబితే మీరు నమ్మొద్దు. క్షమించమని అడగను. అడిగితే అతను క్షమించానండి అంటాడు, ఆ 'అండి' నేను ఇంకోసారి వినలేను. కానీ ఆ రోజు వరండాలో అతను అడిగిన ప్రశ్నకి నేనొక జవాబు బాకీ ఉన్నాను. రెండుసార్లు అడిగాడు. కార్డు విప్పినవాడికి ఆ రోజు నోరు విప్పడం చేతకాలేదు.

విప్పాను, రత్నబాబూ. నేనే విప్పాను. లోపల నువ్వు చెప్పిన పేరే ఉంది.